హక్కు మన మాటే, మరి కొత్తవలస లైను ఎవరిది?



కొత్తవలస జంక్షన్ అంటే మన ఇళ్లలో చాలామందికి అరకు సైర్ గుర్తొస్తుంది. విశాఖలో పొద్దున్నే కిరండూల్ ప్యాసింజర్ ఎక్కి, టిఫిన్ డబ్బాలు సీటు కింద సర్దుకుని, పెందుర్తి దాటగానే పిల్లలు "అబ్బా, సొరంగాలు ఎప్పుడొస్తాయి?" అని అడగడం మొదలుపెట్టే చోటు అది. రైలు అక్కడ హౌరా మెయిన్ లైను వదిలి ఎడమ చేతికి తిరిగి కొండల వైపు పోతుంది. ఆ మలుపు ఎవరి కోసం వేశారు, ఇప్పుడు ఎవరి చేతికి పోతోంది అన్న సవాల్ మాత్రం మన దస్తర్‌ఖాన్ దాకా రాదు.

ఈ మధ్య ఈ సంగతి ఎత్తితే ఒక దోస్తు, "ఛోడో భాయ్, యే అప్నా మసలా నహీఁ" అన్నాడు. వక్ఫ్ మీద రాయి, ఉర్దూ టీచర్ల పోస్టుల మీద రాయి, పల్లెటూరి రైల్వే జంక్షన్‌తో మనకేం పని అని అతని ఉద్దేశం. నాకు గుస్సా వచ్చింది ఆ మాట మీదే. మనది కాని మసలా ఏదో, మనదయ్యే మసలా ఏదో ఎవరో గీత గీసిస్తే, దాని లోపల బుద్ధిగా కూర్చోవడం మనకు అలవాటైపోయింది. ఈ తహ్రీర్ ఆ అలవాటు మీద కూడా.

ముందు మాట గురించి ఒక మాట. ఉర్దూలో 'తారీఖ్' అంటే తేదీ, చరిత్ర రెండూ. అదే మాట తెలుగులోకి వచ్చి 'తారీఖు' అయ్యాక ఒట్టి తేదీగా మిగిలింది, చరిత్ర రాలిపోయింది. కొత్తవలస లైను గురించి మనకు చెప్పే కథలోనూ ఇదే జరిగింది. 58 సొరంగాలు అంటారు. 80కి పైగా పెద్ద వంతెనలు అంటారు. శిమిలిగుడ స్టేషన్ సముద్ర మట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉందని, కశ్మీర్ లోయలోకి పట్టాలు వెళ్లేదాకా దేశంలో బ్రాడ్‌గేజ్ మీద అంత ఎత్తైన స్టేషన్ లేదని అంటారు. నిజమే, ఇంజనీర్ల కమాల్‌ను నేను తక్కువ చేయను. కానీ ఆ కొండలు ఎందుకు తొలిచారు, తొలిచినవాళ్లకు ఏం దక్కింది, ఆ పట్టాల పక్కన బతికేవాళ్లకు ఏం మిగిలింది అని అడిగితే కథ చెప్పేవాళ్లు గొంతు సవరించుకుంటారు. మన చేతిలో తారీఖులు పెట్టి తారీఖ్ దాచేశారు.

ఆ దాచిన భాగం నుంచే మొదలుపెడతాను.

1893–1896 మధ్య ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే విజయవాడ నుంచి కటక్ దాకా తీరం వెంట లైను వేసింది. కొత్తవలస ఆ దారిలో ఒక పల్లె స్టేషన్. కొద్ది ఏళ్లకే ఆ లైనును పంచేశారు. 1901–02 ప్రాంతంలో వాల్తేరుకు దక్షిణ భాగం మద్రాస్ రైల్వేకు, ఉత్తర భాగం బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కంపెనీకి పోయాయి. అంటే కొత్తవలస మీదుగా పోయే బండికి మాలిక్ కలకత్తాలో కూర్చున్నాడు. స్వాతంత్ర్యం వచ్చింది, 1955లో సౌత్ ఈస్టర్న్ రైల్వే ఏర్పడింది, దాని సదర్ దఫ్తర్ కూడా కలకత్తాలోనే. 2003లో ఈస్ట్ కోస్ట్ రైల్వే జోన్ వచ్చాక ఆ పెత్తనం భువనేశ్వర్‌కు మారింది. ఉత్తరాంధ్ర జనం నూరేళ్లకు పైగా తమ స్టేషన్ గురించి అర్జీ పెట్టుకోవాలంటే వేరే రాష్ట్రం వైపు చూడాల్సి వచ్చింది. దీన్ని గుర్తు పెట్టుకోండి, 2025 దగ్గరికి వచ్చాక మళ్లీ పనికొస్తుంది.

ఆ కంపెనీ రోజుల్లోనే విశాఖ రేవు కట్టారు. కట్టించింది కూడా ఆ బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేనే. 1931 నాటికి విజయనగరం–రాయపూర్ లైను పూర్తయింది, 1933 అక్టోబర్ 7న 'జలదుర్గ' ఓడ కొత్త రేవులోకి వచ్చింది, డిసెంబర్ 19న వైస్రాయ్ విల్లింగ్‌డన్ రేవును లాంఛనంగా తెరిచాడు. మన కుటుంబాలు పాతబస్తీ నుంచి ఇస్‌హాఖ్ మదీనా దర్గా కొండ మెట్లెక్కి జియారత్ చేసుకుని వెనక్కి తిరిగితే కింద కనిపించే రేవు కాలువ అదే. లోపలి ప్రాంతాల ఖనిజం కిందికి రావాలి, ఓడ ఎక్కాలి. రైలూ రేవూ రెండూ ఆ పని కోసమే కలిసి పుట్టాయి. ముసాఫిర్లను ఎక్కించుకోవడం పక్క పని.

స్వతంత్ర భారతంలో ఈ లెక్క మారిందా? 1960లో బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని జపాన్ ఉక్కు కర్మాగారాలకు అమ్మే ఒప్పందం కుదిరింది. ఆ ఖనిజం సముద్రం దాకా రావడానికి దండకారణ్య–బొలంగీర్–కిరిబురు ప్రాజెక్టు కింద మూడు లైన్లు తలపెట్టారు, అందులో ఒకటి కొత్తవలస–కిరండూల్. జపాన్ ఆర్థిక సాయం దొరికింది. సుమారు 446 కిలోమీటర్ల లైను, తూర్పు కనుమలను తొలుచుకుంటూ శృంగవరపుకోట, బొర్రా, అరకు, కోరాపుట్, జగదల్‌పూర్ మీదుగా బస్తర్ దాకా వెళ్లింది. 1960ల రెండో సగానికి పట్టాలు సిద్ధమయ్యాయి, 1968లో బైలడిల్లా గని పని మొదలైంది. 1976లో పెద్ద ఓడల కోసం విశాఖలో ఔటర్ హార్బర్ వచ్చింది. 1982 నాటికి లైను మొత్తానికి కరెంటు తీగలు వేశారు. పల్లె స్టేషన్ కొత్తవలస జంక్షన్ అయింది ఇలాగే. ఊళ్లోవాళ్లు అడిగితే ఆ జంక్షన్ రాలేదు, ఖనిజం అడిగితే వచ్చింది.

కొత్తవలస అనే పేరులోనే వలస ఉంది. మన జబాన్‌లో చెప్పాలంటే కొత్త హిజ్రత్. ఉత్తరాంధ్రలో చిన్న ఊళ్ల పేర్ల చివర వలస అనే మాట చాలాచోట్ల వినిపిస్తుంది, ఎక్కడి నుంచో వచ్చి కుదురుకున్న జనం పెట్టుకున్న పేర్లు. ఆ పేరున్న ఊరి పక్క నుంచే కొండ కడుపులోని ఇనుము వలస పోయింది. పని వెతుక్కుంటూ మనుషులూ పోతూనే ఉన్నారు.

ఇప్పుడు ఒక విడ్డూరం చూడండి. ఈ లైను సిద్ధమవుతున్న రోజుల్లోనే, 1966లో, విశాఖ వీధుల్లో జనం ఉక్కు కర్మాగారం కోసం లేచారు. అమృతరావు గారు నిరాహార దీక్షకు కూర్చున్నారు. రాష్ట్రమంతా అట్టుడికింది, కాల్పులు జరిగాయి, 32 మంది ప్రాణాలు పోయాయి. ఒక పక్క జపాన్ కొలిమి కోసం మన కొండల్లో సొరంగాలు, మరో పక్క మనకంటూ ఒక కొలిమి కావాలన్నందుకు తుపాకీ గుళ్లు. 1970 ఏప్రిల్‌లో ఇందిరా గాంధీ కర్మాగారం ప్రకటించారు, 1971 జనవరిలో పునాది రాయి వేశారు, 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు జాతికి అంకితం చేశారు. ఆ ఫ్యాక్టరీ కోసం 64 గ్రామాల జనం తమ జాగా వదిలి లేచిపోయారు. అంత త్యాగం చేసిన ఫ్యాక్టరీకి సొంత ఇనుప గని ఒక్కటీ ఇవ్వలేదు.

బైలడిల్లా ఖనిజం కొత్తవలస మీదుగానే విశాఖ వస్తుంది, ఆ ఖనిజాన్ని విశాఖ ఉక్కు డబ్బు పెట్టి కొనుక్కుంటుంది. సొంత గనులున్న కర్మాగారాలు చౌకగా తవ్వుకుంటే మనది బజారు ధరకు తెచ్చుకుని వాటితో పోటీ పడాలి. నష్టం వచ్చింది అన్నారు. 2021 జనవరిలో కేంద్ర సర్కారు నూరు శాతం వాటా అమ్మేయాలని ఫైసలా చేసింది. కార్మికులు ఏళ్ల తరబడి శిబిరాల్లో కూర్చున్నాక, 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించారు. గని మాత్రం ప్యాకేజీలో లేదు. ఆకలితో ఉన్నవాడికి గ్లూకోజ్ ఎక్కించి, బియ్యం మాత్రం బాకీ పెట్టినట్టుంది.

'విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు' అని అరిచాం కదా. ఆ నినాదంలో బరువైన మాట ఏది? హక్కు. అది ఎక్కడి మాట? అరబీ 'హఖ్', ఉర్దూ మీదుగా తెలుగు ఇంట్లోకి వచ్చి ఇంటి మాటే అయిపోయింది. అర్జీ, హామీ, ఫిర్యాదు, జవాబు, బాకీ, సరిహద్దు, జిల్లా, రవాణా అన్నీ ఆ దారిలో వచ్చినవే. రైల్వేలో బరువులు మోసి, పట్టాల పక్కన పనిచేసే 'ఖలాసీ' పేరూ అంతే. మీ తెలుగులో మా మాటలు ఉన్నాయని గొప్ప చెప్పుకోవడానికి ఇది చెప్పడం లేదు. పరాయివాళ్ల మసలా అని పక్కకు తప్పుకునే మన వాళ్లకు చెబుతున్నాను. ఆంధ్రులు తమ అతి పెద్ద తగాదాలో పట్టుకున్న మాట మనదైనప్పుడు, ఆ తగాదా మనది కాకుండా ఎలా పోతుంది?

ఇక అసలు కథకు వద్దాం.

ఆంధ్రప్రదేశ్ విభజన తర్వాత విశాఖకు రైల్వే జోన్ ఇస్తామన్నారు. 2019 ఫిబ్రవరి 27న దక్షిణ కోస్తా రైల్వే జోన్ ప్రకటించారు. మిఠాయిలు పంచుకున్నారు. కానీ అదే ప్రకటనలో వాల్తేరు డివిజన్‌ను ముక్కలు చేస్తామన్నారు. ఒక ముక్క విజయవాడకు, మరో ముక్క ఒడిశాలోని రాయగడలో కొత్త డివిజన్‌కు. జనం గోల చేశారు. 2025 జనవరి 8న ప్రధాని విశాఖలో జోన్ దఫ్తర్‌కు శంకుస్థాపన చేశారు. ఫిబ్రవరిలో కేంద్ర కేబినెట్ ఫైసలా మార్చింది. వాల్తేరు పేరు విశాఖపట్నం డివిజన్ అవుతుంది, సుమారు 410 కిలోమీటర్లు దానికి మిగులుతాయి, దాదాపు 680 కిలోమీటర్లు రాయగడ డివిజన్‌కు పోతాయి. ఆ 680 కిలోమీటర్లలో కొత్తవలస నుంచి బస్తర్ వైపు వెళ్లే లైను ఉంది.

విజయనగరం–రాయగడ దారిలో డివిజన్ హద్దు కూనేరు దగ్గర పెట్టారు, అంటే రాష్ట్ర సరిహద్దు దగ్గర. పర్లాకిమిడి దారిలోనూ ఆంధ్రలో ఉన్న భాగాన్ని విశాఖకే ఉంచారు. మరి కొత్తవలస దారిలో? రాష్ట్ర సరిహద్దు అరకు దాటాక వస్తుంది. డివిజన్ హద్దు మాత్రం కొత్తవలస దగ్గరే పెట్టారు. శృంగవరపుకోట, బొడ్డవర, బొర్రా, శిమిలిగుడ, అరకు ఆంధ్ర నేల మీద ఉన్న స్టేషన్లు. వాటి పాలన రాయగడ నుంచి, ఆ పైన భువనేశ్వర్ నుంచి. రెండు లైన్లకు ఒక న్యాయం, మూడో లైనుకు మరో న్యాయం ఎందుకు? ఖనిజం నడిచేది ఆ మూడో లైను మీద కాబట్టి. వాల్తేరు డివిజన్ సరుకు రవాణా ఆదాయంలో పెద్ద వాటా ఈ ఖనిజానిదే అని రైల్వేలో చిన్న ఉద్యోగికి కూడా తెలుసు. మనకు జోన్ పేరు ఇచ్చారు, ఖజానా తాళంచెవి అక్కడే ఉంచుకున్నారు. ఉర్దూలో ఏనుగు వెళ్లిపోయింది, తోక మిగిలింది అంటారు. ఇక్కడ ఏనుగును తోలుకెళ్లి, తోక మన చేతికిచ్చి మిఠాయి పంచమన్నారు.

కొత్తవలస హాల్ చూడండి. జిల్లా విజయనగరం. ఓటేసేది విశాఖపట్నం పార్లమెంటు సీటుకు. మెయిన్ లైను విశాఖ డివిజన్. అదే స్టేషన్ నుంచి ఎడమకు తిరిగే పట్టా రాయగడ డివిజన్. రెండు దారులు కలిసే చోటును జంక్షన్ అంటారు. ఇప్పుడు అక్కడ రెండు జోన్లు విడిపోతాయి. కలిసే చోటును సరిహద్దు చేశారు.

దీనికి జవాబుగా మూడు మాటలు వినిపిస్తాయి.

మొదటిది, డివిజన్ ఏదైతే ఏం, రైలు ఆగుతుంది కదా అని. ఆగేది ఎవరు చెబితే? డివిజనల్ మేనేజర్ కూర్చునే చోటే కంట్రోల్ రూము ఉంటుంది. ఘాట్ మీద ఎదురెదురుగా రెండు బండ్లు వస్తే ఖనిజం బండిని ముందు వదలాలా, ప్యాసింజర్‌ను వదలాలా అనేది అక్కడ తేలుతుంది. ప్లాట్‌ఫారానికి కప్పు, మరుగుదొడ్డికి నీళ్లు, గేటు దగ్గర వంతెన, వీటి ప్రతిపాదనలు అక్కడి నుంచి కదులుతాయి. ప్రయాణికుల తరఫున మాట్లాడే సలహా సంఘం డివిజన్ వారీగా ఉంటుంది. ఎస్. కోట మాస్టారో, అరకు కాఫీ రైతో తన స్టేషన్ గోడు చెప్పుకోవాలంటే ఇంటి పక్కనున్న విశాఖను వదిలి రాయగడ వెళ్లాలి. ఇది చిన్న సంగతి అనేవాళ్లు ఒకసారి పరాయి ఊరి దఫ్తర్‌లో, తన జబాన్ రాని గుమాస్తా ముందు అర్జీ పట్టుకుని నిలబడి చూడాలి. ఉర్దూ మీడియంలో చదువుకున్న మనకు ఆ ఇబ్బంది ఒకరు వివరించాలా?

రెండో మాట, లైనులో ఎక్కువ భాగం ఒడిశా, ఛత్తీస్‌గఢ్‌లోనే ఉంది, వాళ్ల హక్కు వద్దా అని. ఇన్సాఫ్‌గా ఒప్పుకుంటాను, వాళ్ల హక్కు ఉంది. కోరాపుట్ ఆదివాసీ మనకంటే పైన ఏం లేడు. బస్తర్ ఆదివాసీ నేల తవ్వుకుపోతుంటే అతనికి మిగిలింది ఎర్ర దుమ్ము. రాయగడకు డివిజన్ రావడం మీద నాకు షికాయత్ లేదు, ముబారక్ చెబుతాను. వాళ్ల భాగం వాళ్లకు ఇవ్వండి. ఆంధ్రలో ఉన్న భాగాన్ని కూనేరు లెక్కనే ఆంధ్రకు ఉంచండి. ఒక పేదవాడికి న్యాయం చేస్తున్నామని మరో పేదవాడి జేబులో చెయ్యి పెట్టడం న్యాయం కాదు.

మూడో మాట, ఖనిజం లైను ఒక్కటే, దాన్ని మధ్యలో కోస్తే నడపడం కష్టమని. దేశంలో ప్రతి పొడుగు లైనునూ డివిజన్లుగా కోసే నడుపుతున్నారు. హౌరా–చెన్నై లైను ఎన్ని డివిజన్ల మీదుగా పోతుంది? అది ఆగిపోయిందా? కొత్తవలస దగ్గర కోయగలిగిన కత్తి అరకు దాటాక కోయలేదా?

ఈ లైను మీద ఆదాయానికి ఇచ్చే ఇజ్జత్ ముసాఫిర్‌కు ఎంత ఇస్తున్నారో కూడా చెప్పుకోవాలి. అరకు బండికి 2017లో అద్దాల విస్టాడోమ్ బోగీ తగిలించారు. టూరిస్టులు అద్దంలోంచి లోయలు చూస్తారు, మంచిదే. అదే బండిలో జనరల్ బోగీలో పనస కాయలు, పిల్లల సంచులు, కూలి పనిముట్లతో ఇరుక్కునేవాడి సంగతి ఏ బ్రోషరూ రాయదు. కొత్తవలస దాటగానే విజయనగరం వైపు వచ్చే స్టేషన్ కంటకాపల్లి. 2023 అక్టోబర్ 29, ఆదివారం రాత్రి, అక్కడికి దగ్గర్లో విశాఖ–పలాస ప్యాసింజర్‌ను వెనక నుంచి విశాఖ–రాయగడ ప్యాసింజర్ గుద్దింది. డజను మందికి పైగా చనిపోయారు. రెండూ ప్యాసింజర్ బండ్లే. విశాఖలో పనిచేసి ఊళ్లకు పోయేవాళ్లు, కొత్తవలసలోనో అలమండలోనో దిగాల్సినవాళ్లు ఎక్కే బండ్లు. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్. పట్టాల మీద టన్నుల లెక్క తప్పకుండా చూసుకునే వ్యవస్థ, మనుషుల లెక్క దగ్గర అంత శ్రద్ధ చూపాలని అడగడం అత్యాశ కాదు.

నా దోస్తుకు ఇక్కడ జవాబు చెబుతాను. ఆ ప్యాసింజర్‌లో మనం లేమా? రైల్వే క్వార్టర్ల పక్క గల్లీలో, రేవు లారీ స్టాండ్‌లో, గాజువాక వెల్డింగ్ షెడ్‌లో మనం లేమా? ఉక్కు అమ్మేస్తే పోయే కాంట్రాక్టు నౌక్రీల్లో మన పిల్లలవి లేవా? హలాల్ కమాయి అంటాం. ఆ కమాయికి దారి ఫ్యాక్టరీ గేటు నుంచి, రైలు స్టేషన్ నుంచి కూడా వస్తుంది. ముసల్మాన్‌గా మనకు ప్రత్యేకమైన బాధలు ఉన్నాయి, వాటి మీద రాస్తూనే ఉంటాను. కానీ ఆ బాధల గురించి మాత్రమే నోరు తెరిచే ఖౌమ్‌ను మిగతావాళ్లు ఆ ఒక్క గదిలోనే ఉంచి తలుపు వేస్తారు. ఊరి మసలాలో ముందు వరుసలో నిలబడితేనే మన మసలాలో ఊరు నిలబడుతుంది.

మరి అడగాల్సింది ఏమిటి? ఒకటి, కొత్తవలస నుంచి ఆంధ్ర సరిహద్దు దాకా లైను విశాఖపట్నం డివిజన్‌లో ఉండాలి. రెండు, విశాఖ ఉక్కుకు సొంత గని ఇవ్వాలి, లేదంటే నష్టాల లెక్క మా ముందు చదవకూడదు. మూడు, కొత్తవలస–కోరాపుట్ డబ్లింగ్ పూర్తయి రెండో పట్టా వచ్చాక, అందులో ప్యాసింజర్ బండ్లకు ఎంత వాటా ఇస్తారో ముందే రాతపూర్వకంగా చెప్పాలి. రెండో పట్టా కూడా ఖనిజానికే అయితే మన్యం జనానికి అది ఇంకో గోడ మాత్రమే. నాలుగు, జంక్షన్ తారీఖ్ రాసేటప్పుడు సొరంగాల పక్కన వాటిని తొలిచిన కూలీలకూ, పట్టాలకు నేల ఇచ్చినవాళ్లకూ చోటు ఉండాలి. ఆ రోజుల్లో లైను పనికి వెళ్లిన పెద్దలు ఎవరైనా మీ ఖాందాన్‌లో ఉంటే, వాళ్లు చెప్పింది ఇప్పుడే ఫోన్‌లో రికార్డు చేసి పెట్టండి.

వచ్చే జుమా తర్వాత మస్జిద్ కమిటీల్లో ఈ మాట ఎత్తండి. ఎంపీకి, ఎమ్మెల్యేకి, రైల్వే మంత్రికి అర్జీ రాయండి. తెలుగులో రాయండి, కింద సంతకం ఉర్దూలో చేసినా ఫరవాలేదు. ఆ కాగితం మీద పక్కింటి అప్పారావు గారి సంతకం, ఎదురింటి మరియమ్మ గారి సంతకం కూడా ఉండేలా చూడండి. అర్జీ మన మాట, హక్కు మన మాట. వాడకుండా పెట్టె అడుగున దాచుకోవడానికి అవి నిఖా నగలు కావు.

ఖుదా హాఫిజ్.